తల్లిగారి బియ్యం

ఫ్రిజ్ మీద దుప్పటి కప్పమన్నాడు శ్యాంసుందర్.

“ఎందుకు సారూ, దానికి చలి పెడ్తున్నదా?” అంది బుచ్చవ్వ.

గడప దగ్గర కెమెరా సరిచేసుకుంటున్న జహీర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. శ్యాంసుందర్ నవ్వలేదు. కోరుట్లలోని విత్తనాల కంపెనీలో సేవా కార్యక్రమాలన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి. తంగళ్ళపల్లిలోని ఈ రెండు గదుల ఇంటికి అతను కారేసుకుని వచ్చింది బుచ్చవ్వ కూతురు స్రవంతి మీద వీడియో తీయించడానికి. పిల్ల ఏదో ప్రింటు తీయించుకోవాలని సిరిసిల్ల వెళ్లింది. తల్లి చాలు, తల్లితోనే మొదలుపెడదాం అన్నాడు.

“అట్ల కాదమ్మా. ఫ్రిజ్ కనబడితే చూసేటోళ్లు ఏమనుకుంటరు? వీళ్లకెందుకు సాయం అనరా?”

“అనేటోళ్లు ఎట్లయినా అంటరు సారూ. ఫ్రిజ్ లేకుంటే, కనీసం ఫ్రిజ్ గూడ కొనుక్కోలేనోళ్లు దేశం మీదికి పోతున్నరు చూడుండ్రి అంటరు.”

అంటూనే లేచి దుప్పటి తెచ్చింది. నోటితో ఎన్ని అన్నా చేతులు ఎక్కడ లొంగాలో ఆమెకు తెలుసు. స్రవంతికి నెదర్లాండ్స్‌లో విత్తనశాస్త్రం చదవడానికి సీటు వచ్చింది. ఖర్చులో సగం సర్కారుది, సగం కంపెనీది. కంపెనీ తన సగం కడతానని సంతకం పెట్టిన కాగితం చేతికి వస్తేనే సర్కారు తన సగం విడుదల చేస్తుంది. అది నెలాఖరులోపు చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. రెండు చేతులూ కలిస్తేనే చప్పుడు. అందులో ఒక చెయ్యి ఇప్పుడు ఆమె ఇంట్లో నిలబడి, గ్యాస్ పొయ్యి కూడా పక్కకు జరపమంటోంది.

“నేనన్న మాట అనమ్మా. ‘మీరే మా బిడ్డకు తల్లిదండ్రులు.’ గంతే. అని కండ్లు తుడ్సుకో.”

బుచ్చవ్వ కెమెరా వైపు చూసింది. కొప్పు సవరించుకుంది.

“మీరు సగం ఇస్తున్నరు, సర్కారు సగం ఇస్తున్నది. శానా సంతోషం సారూ. సదువు మాత్రం మొత్తం మా పిల్లనే సదివింది.”

“ఆపు, ఆపు. గది గాదమ్మా.”

రెండోసారి ‘తల్లిదండ్రులు’ అనడానికి బదులు ‘తల్లిదండ్రుల లెక్క’ అంది. మూడోసారి ‘మీరే మా బిడ్డకు’ దాకా వచ్చి ఆగిపోయింది. ఏడుపు కాదు. నాలుక అక్కడ మొండికేసింది, పోగు తెగినప్పుడు మగ్గంలో నాడె ఆగిపోయినట్టు. శ్యాంసుందర్ మెడ వంచి, ఇంకా దగ్గరికి వచ్చి, చిన్నపిల్లకు చెప్పినట్టు మళ్లీ చెప్పబోయాడు.

“బ్యాటరీ అయిపోయింది సార్,” అన్నాడు జహీర్.

కెమెరా పక్కన చిన్న ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. దాని మీద వేలు అడ్డం పెట్టుకుని, బుచ్చవ్వ వైపు చూడకుండానే మూత బిగించాడు. కోరుట్లలో అతనికి చిన్న స్టూడియో ఉంది. కంపెనీ పిలిచినప్పుడే అతనికి నాలుగు రాళ్లు. అయినా బ్యాటరీ అయిపోయింది.

“మళ్ల వస్తం. ఇల్లు గిట్లనే ఉంచుండ్రి,” అని చెప్పి శ్యాంసుందర్ కారెక్కాడు.

సాయంత్రం ఇంటికి వచ్చిన స్రవంతి దుప్పటి కొస పట్టి లాగబోయింది.

“ఉండనీ. మళ్ల వస్తరట.”

“వచ్చినప్పుడు కప్పుదాం తీయవ్వా!”

“ఉండనీ అన్ననా?”

అప్పటినుంచి పాలప్యాకెట్ కావాలంటే దుప్పటి ఎత్తి తలుపు తీయడం, మళ్లీ దించడం. స్రవంతి తీసిన ప్రతిసారీ తలుపు కొంచెం గట్టిగా వేసింది.

*

మరునాడు కోరుట్లలో కంపెనీ ఆఫీసులో కాగితం చూపించారు. గది చల్లగా ఉంది. అద్దాల బీరువాలో రకరకాల మొక్కజొన్న కంకులు, వాటి మధ్య సన్మానాల జ్ఞాపికలు. స్రవంతి కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చదివింది. సగం దూరం వెళ్లాక వేలు ఆగింది.

“సార్, గీ మాట ఏంది? ‘సంస్థ దత్తపుత్రిక అయిన స్రవంతి’ అని రాసిన్రు.”

“ఈ ఏడాది మా కార్యక్రమం పేరే గదమ్మా. దత్తత. ఎల్లుండి జగిత్యాల ఫంక్షన్‌ల మొత్తం పిల్లలందర్నీ మా సార్, మేడం దత్తత తీసుకుంటున్నరు.”

“నాకు మా అవ్వ ఉన్నది సార్.”

“అయ్యో, ఉండదా మరి! ఇది పేపర్లోళ్ల కోసం. ఉత్త మాట.”

“ఉత్త మాటైతే తీసేయుండ్రి.”

శ్యాంసుందర్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లలో మాత్రం లేదు. “చూడమ్మా, నీ వెనక లైన్ల ఎంతమంది ఉన్నరో నీకెర్కనా?”

బుచ్చవ్వ కూతురి మోచేతిని బల్ల కింద గిల్లింది. స్రవంతి కదల్లేదు. కాగితం అడుగున సంతకాలకు రెండు ఖాళీలున్నాయి. ఒకటి విద్యార్థినిది. రెండోది డైరెక్టర్ సుమలతది. ఆమె కంపెనీ యజమాని భార్య. అప్పుడే లోపలికి వచ్చింది. శ్యాంసుందర్ వేరే కాగితాల కట్ట ముందు పెడితే, అతని వేలు ఎక్కడ ఉంటే అక్కడ సంతకాలు చేసుకుంటూ పోయింది. ఒక్కటీ చదవలేదు. అయ్యాక తల ఎత్తి, ఎండన పడి వచ్చిన ఇద్దరినీ చూసింది.

“మంచినీళ్లు ఇచ్చిన్రా వీళ్లకు?” అని, ఎవరూ లేవకపోతే తానే బాటిల్ తెచ్చి బుచ్చవ్వ ముందు పెట్టింది.

“మీది ఏ ఊరమ్మా?” అడిగింది బుచ్చవ్వ, నీళ్ల రుణం తీర్చుకుంటున్నట్టు.

“మాది ముత్యంపేట. మా నాయిన చక్కెర ఫ్యాక్టరీల పనిజేసేటోడు.” అని ఒక క్షణం ఆగి, “ఇప్పుడు ఆడ ఎవ్వరు లేరు లే,” అంది. తన గదిలోకి వెళ్లిపోయింది.

“ఎల్లుండి జగిత్యాల ఫంక్షన్ హాల్‌ల స్టేజీ మీదనే పెడ్త సార్ సంతకం,” అంది స్రవంతి. “ఫొటోలకు గూడ బాగుంటది గద.”

ఆ మాట శ్యాంసుందర్‌కు నచ్చింది. కూతురు మాత్రం సంతకం పెట్టకుండా బయటపడిందని బుచ్చవ్వకు బస్సెక్కాక అర్థమైంది.

“ఏందే నీ బాధ? దత్తత అంటే ఏమైతది? నీ ఒంటి మీద రాస్తరా?”

“నువ్వు బతికుండంగనే నన్ను వేరేటోళ్లు దత్తత తీసుకుంటే నువ్వేంది అవ్వా? సచ్చినట్టా?”

“సగం సచ్చిన అనుకో. సగం వాళ్లది, సగం సర్కారుది, సగం సావు నాది. సంతకం పెట్టు, పో. మాట గాలికి పోతది. సీటు పోతే మల్ల వస్తదా?”

స్రవంతి కిటికీ వైపు తిరిగింది. వేములవాడలో బస్సు ఆగితే బుచ్చవ్వ దిగి ఉడికించిన పల్లికాయలు కొనుక్కొచ్చింది. పొట్లం కూతురి ఒళ్లో పెట్టింది. స్రవంతి వలిచింది. వలిచిన గింజల్లో సగం తల్లి అరచేతిలో పోసింది.

*

సిరిసిల్లలో బుచ్చవ్వ పనిచేసే షెడ్డులో సాంచెలు ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట వినబడదు. అందుకే మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు సగం చేతులతో, సగం పెదాలతో మాట్లాడుకుంటారు. కండెలు చుట్టే మిషన్లు మాత్రం గోడ అవతల ఉంటాయి. అక్కడ చప్పుడు కాస్త తక్కువ, ముచ్చట్లు ఎక్కువ.

బుచ్చవ్వ ఖాళీ కండె తొడిగి, పోగు కొస తడిచేత్తో అంటించి, తిప్పింది. దారం నిండుతూ వస్తోంది. ఒక కన్ను దాని మీద, ఒక కన్ను పక్క కండె మీద.

“బుచ్చవ్వా, నీ బిడ్డను గోదు ఇచ్చినవట?” ఎదుటి మిషన్ మీదున్న జోహరా బీ అడిగింది.

“ఎవరన్నరు?”

“ఫోన్ల తిరుగుతున్నది. మా నాజియా చూపెట్టింది.” జోహరా బీ చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది. కంపెనీ యజమాని, సుమలత మధ్యలో స్రవంతి ఫొటో. పక్కన ఇంకొంతమంది ఆడపిల్లలు. కింద పెద్ద అక్షరాలు. “చదవరాదు గానీ నాజియా చెప్పింది. దత్తపుత్రిక అంట. అంటే గోదే గద?”

“గోదు గాదు. ఉత్త మాట.”

“ఉత్త మాటనే గింత పెద్దగ రాస్తరా?” జోహరా బీ నవ్వింది. వెక్కిరింత లేదు ఆ నవ్వులో. అదే బుచ్చవ్వకు ఎక్కువ గుచ్చుకుంది. “మా దాంట్ల అయితే, పిల్లను ఎవ్వరు సాదుకున్నా సరే, బాపు పేరు మార్చద్దంటరు. తిండి పెట్టు, బట్ట పెట్టు, సదివియ్యి. పేరు మాత్రం కన్నోళ్లదే ఉంచు. అది తీసుకునే హక్కు లేదంటరు.”

బుచ్చవ్వ చేతిలో పోగు తెగింది. దారం చివరలు వెతికి ముడి వేసింది. ఎన్నేళ్లుగానో వేస్తున్న ముడి. చూడకుండానే పడేది. ఇవాళ మొదటిసారి జారింది. మళ్లీ వేసింది. మళ్లీ జారింది.

“దారం మంచిగ లేదు,” అంది.

“ఆఁ, దారమే,” అంది జోహరా బీ. తన దగ్గరున్న నిండు కండెల్లో కొన్ని తీసి బుచ్చవ్వ గంపలో వేసింది, ఆ పూట లెక్క తగ్గకుండా.

*

జగిత్యాల ఫంక్షన్ హాల్లో వేదిక మీద రెండు పెళ్లికుర్చీలు వేశారు, సింహాసనాల్లాంటివి. ఒకటి సుమలతకు, ఒకటి పిల్లలకు. యజమాని కింద ముందు వరుసలోనే కూర్చున్నాడు. వెనక గోడ నిండా పిల్లల ఫొటోలు, కంపెనీ పేరు ఉన్న ఫ్లెక్సీ. ‘మా దత్తపుత్రికలకు విదేశీ విద్యా దీవెన’ అని రాసి ఉంది. సర్కారు ముద్ర మూలన ఉంది, కుంకుమబొట్టంత. సర్కారు తరఫున వచ్చిన రాధిక మేడం వేదిక చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తన వంతు కోసం చూస్తోంది.

మొదట బుగ్గారం పిల్ల కల్పనను పిలిచారు. ఆమెను సింహాసనంలో కూర్చోబెట్టి, చున్నీ ఒడిలా పట్టమన్నారు. సుమలత పళ్లెంలోంచి పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో తీసి పోసింది. కల్పన అమ్మానాన్నలు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ‘అప్పగింత! అప్పగింత!’ అని మైకులో శ్యాంసుందర్ సంబరంగా అరిచాడు.

వెనక వరుసల్లో ఆడవాళ్ల మధ్య గుసగుస లేచింది.

“పెండ్లిగాని పొల్లకు ఒడిబియ్యం ఏందే?”

“వాళ్లకు తెల్వదేమో.”

“తెల్వకుంటే అడుగద్దా? పెండ్లయిన బిడ్డకు ఒడిబియ్యం పోసేది తల్లిగారు, పుట్టింటోళ్లు. తల్లిగారు కింద చేతులు కట్టుకొని నిలబడ్డరు.”

“ఊకో. పైసలు ఎవరివైతే తల్లిగారిల్లు వాళ్లదే ఇప్పుడు.”

బుచ్చవ్వ విననట్టే కూర్చుంది. స్రవంతి పేరు పిలిచారు. ఇద్దరూ లేచారు. మెట్ల దగ్గర శ్యాంసుందర్ అడ్డం వచ్చాడు. అతని చూపు ఒక్క క్షణం బుచ్చవ్వ నుదుటి మీద నిలిచింది. బొట్టు లేని నుదురు.

“మీరు ఈడనే కూసోండమ్మా. ఏమనుకోవద్దు. శుభకార్యం గద… పోసే కాడ ముత్తైదువలే ఉండాలని మేడం వాళ్ల ఇంట్ల…” మాట మింగేశాడు. “పిల్ల ఒక్కతే చాలు.”

బుచ్చవ్వ ఏమీ అనుకోలేదు. అనుకునే అలవాటు ఎప్పుడో పోయింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరూ చెప్పకముందే గోడవారకు జరిగిన మనిషి. ఇప్పుడూ అలాగే రెండడుగులు వెనక్కి వేసి కుర్చీ వెతుక్కుంది. కూతురు మెట్ల మీద ఆగి వెనక్కి చూస్తే, పో అన్నట్టు చెయ్యి ఊపింది.

స్రవంతి సింహాసనంలో కూర్చుంది. సుమలత దోసిలి నిండా బియ్యం తీసుకుని వంగింది. స్రవంతి చున్నీ పట్టలేదు. చేతులు ఒళ్లో మడిచి పెట్టుకుంది.

“కొంగు పట్టమ్మా,” అన్నాడు శ్యాంసుందర్.

“మా అవ్వ కింద కూసున్నది సార్.”

చిన్నగానే అంది. మైకు దగ్గరగా ఉండడంతో హాలంతా వినబడింది. సుమలత చేతుల్లో బియ్యం అలాగే ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్క గింజ రాలుతోంది.

“స్రవంతీ, టైమైతున్నది. కొంగు పట్టు.”

స్రవంతి తల్లి వైపు చూసింది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు అన్న చూపు అది. ముందు వరుసలో యజమాని గడియారం చూసుకున్నాడు. బుచ్చవ్వ ఒక్కసారి తల ఊపితే చాలు. సీటు, కాగితం, నెలాఖరు, అన్నీ ఆ తల ఊపులో ఉన్నాయి. ఊపుదామనే మెడ ఎత్తింది. ఎదురుగా ఫ్లెక్సీ. తను కన్న ముఖం, కింద ఎవరిదో పేరు.

లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మెట్ల దగ్గర శ్యాంసుందర్ చెయ్యి చాపాడు.

“జరుగు సారూ. పడిపోతవ్.”

వేదిక ఎక్కింది. ఆ వెలుగుకు కళ్లు చిట్లించి, సుమలత ముందు నిలబడింది.

“అమ్మా, ఒక ముచ్చట. పెండ్లిగాని పిల్లకు ఒడిబియ్యం పొయ్యరు. నేను పొయ్య, నువ్వు పొయ్యద్దు. ఎవ్వరు పొయ్యద్దు.”

వెనక ఆడవాళ్లలో ఎవరో గట్టిగా “ఆఁ, గదే!” అన్నారు. నవ్వులు లేచాయి. సుమలత ముఖం ఎర్రబడింది.

“నాకెర్కనే అక్కా,” అంది మెల్లగా. “చెప్తే వీళ్లు వింటేగా.”

“తీసిన బియ్యం మల్ల పళ్లెంల పొయ్యద్దు. మంచిది గాదు.” బుచ్చవ్వ కూతుర్ని భుజం పట్టి లేపింది. ఖాళీ అయిన సింహాసనం చూపించింది. “నువ్వు కూసో. నా బిడ్డను నువ్వు బిడ్డంటున్నవ్. మరి నువ్వు నాకేమైతవ్? మా ఇంటి ఆడిబిడ్డవైతవ్. సాయం జేస్తున్న బిడ్డకు మేం పొయ్యాలె. తల్లిగారం మేం. పట్టు కొంగు.”

హాలు చప్పున చల్లబడింది. బొట్టు లేని మనిషి ముత్తైదువకు ఒడిబియ్యం పోయడం ఏ ఇంట్లోనూ ఎవరూ చూసింది కాదు. శ్యాంసుందర్ మైకు మీద చెయ్యి పెట్టాడు. యజమాని సగం లేచాడు. “సుమా,” అన్నాడు. ఒక్కటే మాట, హెచ్చరికలాగా.

సుమలత ఆయన వైపు చూసింది. తర్వాత తన చేతుల్లోని బియ్యం వైపు. వాటిని బుచ్చవ్వ దోసిట్లోకి వంపేసింది. సింహాసనంలో కూర్చుని, జరీ అంచు లోపలికి మడిచి, కొంగు చాపింది.

“ముత్యంపేట ఇల్లు ఖాళీ అయినంక నాకెవ్వరు పొయ్యలే,” అంది. మైకుకు అందలేదు ఆ మాట. బుచ్చవ్వకు అందింది.

కండెలు చుట్టి చుట్టి గట్టిపడిన చేతులు. వాటిలోంచి బియ్యం నెమ్మదిగా జారాయి. పోసినంతసేపూ సుమలత తల వంచుకునే ఉంది. అయిపోగానే వెనక వరుసలోంచి ఒక ముసలామె కేక వేసింది.

“ఓ బిడ్డా, తల్లిగారికి పిడికిళ్లు తిరిగియ్యాలె! మర్సిపోయినవా?”

సుమలత నవ్వింది. ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి బుచ్చవ్వ కొంగులో వేసింది, పుట్టింటికి పంపినట్టు.

అప్పుడు స్రవంతి బల్ల మీది కాగితం తీసుకుంది. ‘సంస్థ దత్తపుత్రిక’ అన్న మాటలు అడ్డంగా కొట్టేసింది. పైన ‘బుచ్చవ్వ బిడ్డ’ అని రాసింది. కొట్టేసిన చోటా, అడుగునా సంతకం చేసి, సుమలత ముందు పెట్టింది.

“మేడం, వద్దు! కొట్టివేతలుంటే చెల్లదు,” పరుగెత్తుకొచ్చాడు శ్యాంసుందర్.

“ఎందుకు చెల్లదు?” ప్లాస్టిక్ కుర్చీలోంచి రాధిక మేడం లేచింది. పొద్దుటినుంచి ఎవరూ ఆమె చేతికి మైకు ఇవ్వలేదు. ఇప్పుడు తనే తీసుకుంది. “సర్కారు ఉత్తర్వుల దత్తత అన్న మాటే లేదు. సగం మేమిస్తున్నం, సగం మీరిస్తున్నరు. చదివేది పిల్ల. కొట్టేసిన కాడ ఇద్దరు సంతకం పెడితే సాలు, నేను తీసుకుంట.”

“సుమా, కిందికి రా. మాట్లాడుదాం,” అన్నాడు యజమాని. ఇప్పుడు పూర్తిగా లేచి నిలబడ్డాడు.

“ఒళ్ల బియ్యం ఉన్నయండీ. లేవరాదు,” అంది సుమలత.

కాగితం దగ్గరికి లాక్కుంది. మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆమె అలా చదవడం శ్యాంసుందర్ ఎప్పుడూ చూడలేదు, ఎక్కడ వేలు పెట్టాలో తెలియక నిలబడిపోయాడు. చివరిదాకా చదివి, కొట్టేసిన చోట ఒకటి, అడుగున ఒకటి సంతకం పెట్టింది. జహీర్ కెమెరా ఆగకుండా మెరిసింది. ఈసారి అతని బ్యాటరీ అయిపోలేదు.

“సార్, నా కాయితం గూడ ఇయ్యుండ్రి ఒకపారి,” వేదిక పక్కనుంచి కల్పన గొంతు. ఒడిలో పసుపు బియ్యంతో నిలబడి ఉంది. “పెన్ను నా తాన్నే ఉన్నది.”

*

భోజనాల దగ్గర యజమాని వాళ్లతో మాట్లాడలేదు. శ్యాంసుందర్ అయితే చూడను కూడా లేదు. రెండోసారి వీడియో తీయడానికి ఎవరూ రాలేదు. కాగితం రాధిక మేడం చేతికి అక్కడికక్కడే వెళ్లిపోవడంతో దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాలేదు. వారం తిరగకముందే కంపెనీ సగం పడింది. దాని వెనకే సర్కారు సగం కూడా పడినట్టు స్రవంతి ఫోనుకు మెసేజి వచ్చింది.

ఆ పొద్దున బుచ్చవ్వ ఆ పిడికిళ్ల బియ్యంలో ఇంటి బియ్యం కలిపి పరమాన్నం వండింది. ఒక గిన్నె జోహరా బీకి విడిగా తీసింది. షెడ్డుకు వెళ్లే వేళైంది. బిందెలో నీళ్లు చూసింది, పొయ్యి ఆర్పింది, చెప్పులు వేసుకోబోయి ఆగింది.

ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి దుప్పటి లాగేసింది. దులిపి, నాలుగు మడతలు వేసి, కూతురి చేతిలో పెట్టింది.

“ఏందవ్వా, తీసేసినవ్?” స్రవంతి నవ్వు దాచుకుంటూ అడిగింది.

“దాని చలి పోయింది,” అంది బుచ్చవ్వ. గిన్నె తీసుకుని బస్సు కోసం బయలుదేరింది.